అరగంట బ్యాచ్

నరసరావుపేట,
22 జూన్ 2025, ఆదివారం

చందూ,

నిన్ను హాస్టల్లో దింపి వచ్చిన రోజు మీ అమ్మ పిడుగురాళ్ల పోకుండా నా దగ్గరే దిగిపోయింది. జిరాక్స్ మిషను పక్కన స్టూలు మీద సాయంత్రం దాకా కూర్చుంది. "ఇద్దర్ని కని, ఇంట్లో ఒక్కరు గూడా లేకుండా అయిందే ప్రసన్నా" అంది. నీకు బెంగ పెట్టాలని రాయడం లేదు. మర్నాటికి తేరుకుని మీ నాన్నతో వెళ్లింది. సున్నపు బట్టీలో లెక్కలు తను చూసుకుంటానని కూడా అందట.

అక్కడ ఫోన్లు ఉండనివ్వరు, ఆదివారం ఇచ్చే అయిదు నిమిషాలు అమ్మానాన్నలకే చాలవు కాబట్టి మనం ఉత్తరాలు రాసుకుందామన్నావు. కోర్టు ఎదురుగా కూర్చుని పదిహేనేళ్లుగా ఊళ్లోవాళ్ల అర్జీలూ అఫిడవిట్లూ టైపు చేస్తున్నానే గానీ, చేత్తో ఒక ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. "విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టబోయి ఆగాను.

కారెక్కేముందు నా చేతిలో పెట్టిన కాగితం జాగ్రత్తగా ఉంది. కంప్యూటర్ ఆటలో మీ అన్న భాను పేరు, పాస్‌వర్డు. "నెలకోసారి లోపలికి పోయిరా అత్తా. నలభై అయిదు రోజులు ఎవరూ పోకపోతే ఆటలో అన్న ఇల్లు కూల్చేస్తారు" అన్నావు. మీ నాన్న పక్కనే ఉన్నాడని ఇంకేమీ అడగలేదు. ఆయన ముందు ఆ ఆట మాట ఎత్తితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం కోర్టు లంచ్‌కి లేచాక షట్టరు సగం దించి ఆ మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ వదలగానే భాను వచ్చి కూర్చునేది దాని ముందే. ఆట తెరిస్తే ఒక మేడగది కనిపించింది. కిటికీ పక్కన ఒక కుర్రాడు, వీపు నావైపు పెట్టి నిలబడి ఉన్నాడు. తలమీద "భాను" అని పేరు, పక్కన పచ్చచుక్క. వాడు గురజాల ఇవతల లారీ కింద పడి ఏడాది దాటింది. వాడి పేరు అలా వెలుగుతుంటే చూడలేకపోయాను. వైరు పీకేశాను. అలా పీకితే లోపలికి వెళ్లినట్టు లెక్కేనా, కాదా? ముందు అది రాయి.

ఇంకొకటి. నాకు దొరికేది లంచ్‌లో అరగంట. ఆ అరగంటకు ఈ ఆట పనికొస్తుందా? వాడు రోజుకు ఆరేసి గంటలు అందులో కూర్చుని ఏం చూశాడో నాకూ కాస్త చూడాలని ఉంది.

కడుపునిండా తిను. పెరుగు నీళ్లగా ఉందని వదిలెయ్యకు.

ప్రసన్నత్త

*

హాస్టల్, విజయవాడ,
6 జూలై 2025

ప్రసన్నత్తా,

వైరు పీకినా లెక్కే. ఇంకెప్పుడూ పీకకు, కంప్యూటర్ పాడవుతుంది.

ఈ ఉత్తరం లెక్కల రఫ్ కాగితం వెనక రాస్తున్నాను. ఇక్కడ కవర్లు విప్పి సిమ్ కార్డులు ఉన్నాయేమో చూసి ఇస్తారు. చదివే తీరిక వార్డెన్‌కు లేదు, భయపడకుండా రాయి. కాకపోతే పరీక్షలున్న వారాల్లో ఉత్తరాలు ఇవ్వరు. అన్నీ పోగేసి తర్వాత ఇస్తారట. ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒక పరీక్షే.

అరగంట వాళ్లకు పనికొస్తుందా అని అడిగావు. నలభయ్యో లెవెల్ దాకా బాగా పనికొస్తుంది. చేపలు పట్టొచ్చు, పడవ కట్టుకోవచ్చు, ఒక దీవి నుంచి ఇంకో దీవికి సరుకు చేర్చొచ్చు. తర్వాతి దీవులకు మాత్రం ఎనిమిది మంది కలిసి యుద్ధానికి పోవాలి. ఒక్కోటి మూడు గంటలు. మధ్యలో నువ్వు జిరాక్స్ తీయడానికి లేచావంటే మిగతా ఏడుగురూ చచ్చిపోతారు. అందుకే పెద్ద గ్రూపులు కొద్దిసేపు ఆడేవాళ్లను దగ్గరికి రానివ్వవు. అన్న అలాంటి పెద్ద గ్రూపులో రెండోవాడుగా ఉండేవాడు. ఉన్నట్టుండి అది వదిలేసి "అరగంట బ్యాచ్" అని సొంతంగా ఒకటి పెట్టాడు. తీరిక లేనివాళ్లే అందులో మెంబర్లు. ఒక్క యుద్ధాన్ని ఆరు రోజులు ముక్కలు ముక్కలుగా ఆడేవాళ్లు. పెద్ద గ్రూపువాళ్లు నవ్వినా అన్న పట్టించుకోలేదు.

నువ్వు నీ పేరుతో వేరే బొమ్మ చేసుకుని ఆడుకో. అన్న బొమ్మను మాత్రం ఆ కిటికీ దగ్గర నుంచి కదపొద్దు. చివరి శనివారం వాడు అక్కడ నిలబెట్టి లేచాడు. నేను ఇన్నాళ్లూ కదపలేదు. ఎవరన్నా పలకరిస్తే జవాబు ఇవ్వొద్దు. ఎవరైనా సరే. అన్న పేరుతో ఒక్క అక్షరం కూడా టైపు చేయొద్దు. ఎందుకని అడగొద్దు.

నాకు ఫిజిక్స్‌లో నూటికి నలభై ఒకటి వచ్చాయి. నాన్నకు చెప్పకు, ఫోన్లో నేనే చెబుతాను.

చందన

*

నరసరావుపేట,
10 ఆగస్టు 2025

చందూ,

నా బొమ్మకు "కోర్టు ప్రసన్న" అని పేరు పెట్టాను. మూడు వారాలకు పదకొండో లెవెల్ వచ్చింది. చేపలు పట్టడం వచ్చింది. పడవ ఇంకా సగమే. కత్తి తిప్పడం మాత్రం నావల్ల కాలేదు. మొన్న ఎవరో నలుగురు జాలిపడి వెంట తీసుకుపోయారు. సరిగ్గా అప్పుడే గుమస్తా ఒకాయన వకాలత్ కాగితం జిరాక్స్ కావాలని షట్టరు కొట్టాడు. ఇచ్చి వచ్చేసరికి నలుగురూ నేలమీద పడి ఉన్నారు. "టైం లేనప్పుడు ఎందుకొస్తారండీ" అని రాసి నన్ను బయటికి తోసేశారు. వాళ్లన్నదీ నిజమే. అరగంట మనుషులకు ఈ ఆట పనికిరాదని తీర్పు ఇచ్చేశాను. కాకపోతే పక్కవాళ్ల పొలంలో పనిచేసే కూలీలాగా, చేపలు అమ్ముకుంటూ బతకొచ్చు.

ఇప్పుడు చెప్పేది చదివి కోప్పడకు.

జూలైలో ఒకసారి భాను పేరుతో లోపలికి వెళ్లి వెంటనే వచ్చేశాను. మొన్న శుక్రవారం మళ్లీ వెళ్లాను. వెళ్లీ వెళ్లగానే చాట్‌లో ఒక మాట వచ్చింది. షబ్నం అనే పేరు. ఇలా ఉంది: "నెలకోసారి వచ్చి నిలబడి వెళ్లిపోతారు. ఏడాదిన్నర నుంచి చూస్తున్నాను. నేను చేసిన తప్పేంటో చెప్పి వెళ్లండి చాలు."

నువ్వు వద్దన్నావు. గుర్తుంది. కోర్టు వరండాల్లో ఎంతమంది ఇలా అడగడం చూశానో. తప్పేంటో కూడా తెలియకుండా వాయిదాలకు తిరిగేవాళ్లు ఎలా ఉంటారో నాకు తెలుసు. "నువ్వేం తప్పు చేయలేదు" అని టైపు చేశాను. కాసేపటికి "బాగున్నారా?" అని వచ్చింది. "బాగున్నా, పని ఎక్కువైంది" అని రాసేశాను. వాడు లేడన్న సంగతి ఆ పిల్లకు తెలియదు చందూ. నువ్వెందుకు చెప్పలేదు? ఎవరు ఆ అమ్మాయి?

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను.

అత్త

*

నరసరావుపేట,
7 సెప్టెంబరు 2025

చందూ,

నాలుగు వారాలైంది. ఆదివారం ఫోన్లో బాగానే మాట్లాడుతున్నావని వదిన చెప్పింది కాబట్టి ఒంట్లో బాగాలేక కాదు. వద్దనేదానివైతే వెంటనే రాసేదానివి. అందుకని ఒప్పుకున్నావనే అనుకున్నాను.

షబ్నం రోజూ ఒకటీ నలభై అయిదుకు వస్తుంది. మాచర్లలో రక్తపరీక్షల ల్యాబులో పని. తనకూ లంచ్‌లో అరగంటే. పరగడుపున వచ్చి క్యూలో నిలబడే ముసలివాళ్ల గురించి చెబుతుంది. సూది చూసి భయపడి చొక్కా గుండీలు లెక్కపెట్టుకునే ఒక లారీ డ్రైవరు గురించి చెప్పింది. నేను భానులాగా "ఊ" అంటాను, ఒకటి రెండు మాటలు కలుపుతాను. యుద్ధాలకు పోము. రేవు దగ్గర గాలం వేసుకుని పక్కపక్కన కూర్చుంటాం. ఆ పిల్లే అడిగింది, మేడ మీద నుంచి దిగి రమ్మని. అందుకే కదిపాను. కిటికీ దగ్గర ఎక్కడ నిలబడ్డాడో కాగితం మీద గుర్తు వేసుకున్నాను, మళ్లీ అక్కడే పెడతాను.

మొన్న ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకుంటున్నాను. అరగంట వాళ్లకు ఈ ఆట పనికొస్తుంది. కోర్టు మళ్లీ మొదలయ్యే బెల్లు కొడుతుంటే లేవబుద్ధి కావడం లేదు. వాడు ఉన్నట్టే ఉంటుంది. ఇది మంచిదో కాదో నాకు తెలియదు.

జవాబు రాయవే తల్లీ.

అత్త

*

హాస్టల్, విజయవాడ,
14 సెప్టెంబరు 2025

అత్తా,

నీ ఆగస్టు ఉత్తరం నిన్న ఇచ్చారు. నాలుగు వారాలు పరీక్షలని వార్డెన్ గదిలోనే ఉంచేశారు. దాని తర్వాత నువ్వేమన్నా రాసి ఉంటే అది ఇంకా నాకు రాలేదు.

ఒక్క అక్షరం కూడా టైపు చేయొద్దన్నాను. ఎందుకు చేశావు?

ఆ అమ్మాయితో మాట్లాడకు. ఆ ఆదివారం అన్న గురజాలలో ఫ్రెండు దగ్గరికి పోతున్నానని ఇంట్లో చెప్పాడు. గురజాల కాదు, మాచర్ల. ఆమెను చూడ్డానికే పోయాడు. ఇది నాకొక్కదానికే తెలుసు. అమ్మకూ నాన్నకూ తెలియదు, తెలియకూడదు. ఆమె లేకపోతే అన్న ఆ రోడ్డెక్కేవాడే కాదు.

వాడు పోయిన వారానికి నేను ఆట తెరిస్తే ఆమె రాసినవి పద్నాలుగు మెసేజీలు ఉన్నాయి. ఎక్కడున్నారు, ఏమైంది, కోపమా అని. అన్నీ చెరిపేశాను. తర్వాత నెలనెలా వచ్చేవి కూడా చెరిపేశాను. చెప్పాలనిపించలేదు. మా ఇంట్లో అందరం ఏడుస్తుంటే ఆమెకొక్కదానికి తెలియకపోతే ఏం పోయిందనుకున్నాను. నేను చెడ్డదాన్నని నువ్వనుకున్నా సరే.

ఇల్లు మాత్రం పడిపోనివ్వకు. ఆ ఇంట్లో ప్రతి దూలం అన్నా నేనూ కలిసి మోసుకొచ్చాం. నా గదికి వాడే రంగు వేశాడు.

ఇంక ఆమెకు జవాబు ఇవ్వకు. ఇదే ఆఖరు సారి చెప్పడం.

చందన

*

నరసరావుపేట,
23 సెప్టెంబరు 2025

చందూ,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. దానికి ముందు రోజే నాకు సగం తెలిసిపోయింది. గురువారం షబ్నం ఇలా రాసింది: "ఒక్కటి అడగనా? పోయినేడాది ఫిబ్రవరి పద్దెనిమిదిన మాచర్ల బస్టాండులో పదకొండు నుంచి నాలుగింటి దాకా కూర్చున్నాను. ఎందుకు రాలేదు?"

అది భాను పోయిన రోజు. ఆ రోజు పదకొండింటికి మేమందరం ఎక్కడున్నామో నీకు తెలుసు. భాను పేరుతో ఇంకొక్క అబద్ధం ఆడలేకపోయాను. "ఆదివారం మాచర్ల వస్తాను, ల్యాబ్ ఎక్కడో చెప్పు" అని మాత్రం రాశాను. చెప్పింది. శుక్రవారం ఇంకొకసారి లోపలికి వెళ్లి వాణ్ణి మేడమీద కిటికీ దగ్గర నిలబెట్టి వచ్చేశాను.

బస్సులో దారంతా ఒకటే భయం, వాడొస్తున్నాడనుకుని ఆ పిల్ల ఎదురుచూస్తుంటుందేమోనని. గురజాల ఇవతల ఆ మలుపు దగ్గర తల దించుకున్నాను.

చిన్న గది. తెల్లకోటు వేసుకుని ఉంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. నన్ను చూసి పరీక్షకు వచ్చాననుకుని "పరగడుపేనా అక్కా?" అంది.

"పరీక్షకు కాదమ్మా. నా పేరు ప్రసన్న. భానుకి మేనత్తను."

చేతిలో ఉన్న సిరంజి ట్రేలో పెట్టింది. గ్లవ్స్ తీసేసి, సింకు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. కడుక్కుంటూనే ఉంది. వెనక్కి తిరగకుండా అడిగింది, "ఎప్పుడు పోయాడక్కా?"

నేను అది చెప్పడానికి మాటలు కూడబలుక్కుని పోయాను. ఒక్కటీ అవసరం పడలేదు.

"నీకెట్టా తెలుసమ్మా?"

"ఆయన నన్ను మీరు అనేవాడు. ఎంత చెప్పినా ఒక్కసారి గూడా నువ్వు అన్లా. ఆగస్టులో మొదటి మాటే నువ్వు అని వచ్చింది. ఎవరో వేరేవాళ్లని అప్పుడే తెలిసింది. అడిగితే ఏం వినాల్సొస్తదోనని అడగలా."

"మరి నెలంతా ఎందుకు మాట్లాడావు?"

"ఆయన పేరు మీద వచ్చే మాటలే గదక్కా."

ఆ ఆదివారమే, పదకొండు కాకముందే అని చెప్పాను. కుర్చీలో కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. "నేను బస్టాండులో దిగేతలికే అయిపోయిందన్నమాట. నాలుగింటిదాకా తిట్టుకుంటా కూర్చున్నానక్కా ఆయన్ని" అంది. అప్పుడు ఏడ్చింది.

కాసేపయ్యాక ఇంకో మాట చెప్పింది. ఆ ముందురోజు సాయంత్రం, "రేపు వస్తున్నా, నువ్వు బస్టాండుకి రా" అని వాడి పేరుతో వచ్చిందట. "అందులోనూ నువ్వు అనే ఉంది. ఆయన రాసింది కాదని తెలుసు. ఎవరో తుంటరిగా టైపు కొట్టారు. ఇప్పుడొద్దులే అని నేనొక్క మాట రాస్తే అయిపొయ్యేది. రాయలా. రావాలనే ఉంది నాకు."

"వాడంటే ఇష్టమా అమ్మా?"

"అందాకా రాలా అక్కా. ఆరోజు వచ్చుంటే తెలిసేది."

చందూ, ఆ పిల్ల మీద కోపం పెట్టుకోకు. ఆ మాట కొట్టినవాడు భాను కాలేజీ స్నేహితుడెవడో అయి ఉంటాడు. తన చేత్తో మనవాణ్ణి ఆ రోడ్డు మీదికి పంపినవాడు. వాడెవడైనా సరే, నేను జన్మలో క్షమించను.

బస్సెక్కించేటప్పుడు షబ్నం ఒక్కటే అడిగింది. "ఇంక ఆ పేరు వెలిగించమాకండి అక్కా. ఏడాదిన్నర నుంచి ఆ పచ్చచుక్క చూసి, మనిషి బతికే ఉన్నాడు, నామీదే కోపం అనుకున్నా."

ఎవరూ వెళ్లకపోతే నవంబరు మూడుకు ఇల్లు పోతుంది. నేను మాట ఇవ్వలేదు. నిన్ను అడిగి చెబుతానన్నాను.

దసరాకు మూడు రోజులు పంపిస్తారట కదా. పిడుగురాళ్ల వస్తాను. మాట్లాడుకుందాం.

అత్త

*

హాస్టల్, విజయవాడ,
8 అక్టోబరు 2025

అత్తా,

పండక్కి మూడు రోజులూ నువ్వు ఎదురుగానే ఉన్నావు. నేను తలనొప్పి అని పడుకున్నాను. నువ్వు రెండుసార్లు వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశావు. నాకు మెలకువగానే ఉంది. నీ ఉత్తరం అప్పటికే చదివేశాను. జన్మలో క్షమించనని నువ్వు రాసింది నా గురించే.

ఆ శనివారం సాయంత్రం అన్న ఆడుతూ, అమ్మ పిలిస్తే గ్యాస్ బండ మార్చడానికి లేచాడు. స్క్రీన్ అలాగే వదిలేశాడు. కొన్నాళ్లుగా ఆమెను కలవాలని అనుకోవడం, టైపు చేయడం, చెరిపేయడం నేను చూస్తూనే ఉన్నాను. నవ్వొచ్చి నేనే కొట్టేశాను. రేపు వస్తున్నా, నువ్వు బస్టాండుకి రా, పదకొండింటికి. ఆమె వెంటనే "సరే" అంది.

అన్న వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశావే" అన్నాడు. మళ్లీ నవ్వాడు. "ఇప్పుడు పోకపోతే ఆ అమ్మాయి ఎండలో కూర్చుంటది. ఇన్నాళ్లు నాకు ధైర్యం చాల్లా, నువ్వే తోశావు పో" అన్నాడు. పొద్దున నీలం చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు.

నేను కొట్టకపోతే ఆ రోజు వాడు ఇంట్లో ఉండేవాడు. అది తట్టుకోలేక ఆమె వల్లే పోయాడని అనుకోవడం మొదలుపెట్టాను. రోజూ అనుకుంటే అదే నిజంలాగా అయింది. ఆమె మెసేజీలు చెరిపేసిన ప్రతిసారీ నేను కొట్టిన మాటను కూడా చెరిపేసినట్టు ఉండేది.

నేనని ఆమెకు చెప్పెయ్యి. ఇల్లు వదిలెయ్యి. ఇంక ఎవరూ లోపలికి పోవద్దు.

నువ్వు నాకు ఉత్తరం రాయకపోయినా ఏమీ అనుకోను.

చందన

*

నరసరావుపేట,
4 నవంబరు 2025

చందూ, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి షట్టరు మొత్తం దించేసి ఇంటికి పోయాను. పదిహేనేళ్లలో కోర్టు ఉన్న రోజున షాపు మూయడం అదే మొదలు. రాయడానికి ఇన్నాళ్లు పట్టింది కోపంతో కాదు. మూడు కాగితాలు రాసి చించేశాను. నేను రాసిన ఆ మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. నీకు అప్పుడు పద్నాలుగేళ్లు. అన్నను ఆటపట్టించావు. అంతే. క్షమించాల్సిన సంగతే అందులో లేదు. ఆ మాట రాసిన చేతికి సిగ్గుగా ఉంది.

షబ్నంకు చెప్పాను. ఇప్పుడు ఇద్దరం ఎవరి పేర్లతో వాళ్లమే కలుస్తున్నాం, అదే రేవులో, అదే వేళకు. నేను చెప్పింది చదివి "చిన్నపిల్ల గదక్కా. సరే అన్నది నేను గదా. మెసేజీలు చెరిపినందుకు మాత్రం మనసు కష్టంగానే ఉంది, అది పోవడానికి టైం పట్టిద్ది" అని రాసింది. ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను. నీకు ఇకమీదట ఎవరూ ఏదీ దాచకూడదు.

నిన్న మధ్యాహ్నం ఇల్లు పోయింది. మేమిద్దరం బయట నిలబడ్డాం. పెద్ద చప్పుడేదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఒక నిమిషం ఇల్లు ఉంది, మరుక్షణం ఖాళీ నేల, "అమ్మబడును" అని బోర్డు. కోర్టు వేలం నోటీసులు ఎన్ని టైపు చేశానో, ఇలా ఎప్పుడూ అనిపించలేదు. షబ్నం అక్కడే కాసేపు ఉండి, రోగులు వచ్చారని వెళ్లిపోయింది. మా అరగంట కూడా అయిపోయింది.

మీ నాన్నకు నిజం చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం. నేను బలవంతం చేయను. ఒక్కటే చెబుతాను. అన్నయ్య మునుపటి మనిషి కాదు. బట్టీ దగ్గర కుర్చీలో కూర్చుని లారీలు వెళ్లే రోడ్డు చూస్తూ ఉంటాడట. ఎవరితోనూ మాట్లాడడు.

చలి మొదలైంది. స్వెటర్ పంపిస్తున్నాను.

అత్త

*

హాస్టల్, విజయవాడ,
14 డిసెంబరు 2025, ఆదివారం

అత్తా,

స్వెటర్ సరిపోయింది. చేతులు కాస్త పొడుగు.

ఇవాళ విజిటింగ్‌కి నాన్న ఒక్కడే వచ్చాడు. అమ్మకు జ్వరమట. చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. టిఫిన్ క్యారియర్ విప్పుతుంటే నేను చెప్పేశాను. మాచర్ల, షబ్నం, నేను కొట్టిన మాట, అన్నీ. నేల చూస్తూ చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

నాన్న చేతిలో మూత అలాగే ఉంది. "అయితే నామీద కోపంతో పోలేదా వాడు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆరోజు పొద్దున తిట్టాగా. పరీక్షలు పెట్టుకుని ఎప్పుడు చూడు ఆ ఆటేందిరా, ఇంట్లోంచి ఫో అన్నా. గంటకే బండి తీశాడు. కోపంగా తోలాడు, నా మాటకే పోయాడు అనుకున్నా. మీ అమ్మకు గూడా ఆ మాట చెప్పలా."

నన్ను తిడతాడని నేను దాచాను. తను తిట్టాడని నాన్న దాచాడు. ఒకే ఇంట్లో పదహారు నెలలు ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం.

"కోపంగా పోలేదు నాన్నా. అసలు నువ్వు తిట్టింది వాడికి గుర్తే లేదు. గేటు దగ్గర అద్దంలో తల దువ్వుకున్నాడు. నాకు చెయ్యి ఊపాడు. నవ్వుతున్నాడు."

"ఈ మాట అప్పుడే చెప్పకూడదా అమ్మా" అన్నాడు. తిడుతున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

ఇద్దరం ఏమీ తినలేదు. టైం అయిపోయిందని బెల్లు కొట్టారు. నాన్న నా తలమీద చెయ్యి వేసి, క్యారియర్ నా దగ్గరే వదిలేసి వెళ్లాడు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాడు. "నిజంగా నవ్వుతున్నాడా?" అని అడిగాడు. అవునన్నాను. మళ్లీ వెళ్లి, రోడ్డు దాకా పోయి, వాచ్‌మన్‌ను బతిమాలుకుని మళ్లీ లోపలికి వచ్చాడు. అదే అడిగాడు.

నీ దగ్గరికి కూడా వస్తాడు అత్తా. అడుగుతాడు. ఎన్నిసార్లు అడిగినా అవునని చెప్పు.

చందన